రాలిన ఆకు బరువెంత?

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలు దాటి పడమరగా వెళ్తే ఎర్రటి మొరం నేల మీద సాల అడవులు కనిపిస్తాయి. పశ్చిమ మేదినీపూర్, ఝాడ్‌గ్రామ్, బాంకుడా, పురూలియా జిల్లాల్లో పరుచుకున్న ఈ అడవి సీమకు జంగల్ మహల్ అని పేరు. సాల చెట్టునే తెలుగువారు గుగ్గిలం అంటారు. ఫిబ్రవరిలో ఆకు రాల్చడం మొదలుపెట్టి, ఏప్రిల్ కల్లా కొత్త చిగురు తొడుగుతుంది. ఆ మధ్య నెలల్లో అడవి నేలంతా ఎండుటాకు పరుచుకుని ఉంటుంది. ఇక్కడ కార్చిచ్చు రగిలేది ఆ ఆకు మీదే.

కాలిఫోర్నియా అడవుల్లో మంట చెట్ల కొమ్మలకెక్కి ఒక తలనుంచి మరో తలకు దూకుతుంది. జంగల్ మహల్‌లో అది ఎక్కువగా నేలబారునే పాకుతుంది. చెట్లు చాలావరకు నిలిచే ఉంటాయి; మొలకలు, పురుగూపుట్రా, నేలమీద గూడు కట్టే పక్షుల గుడ్లు కాలిపోతాయి. నిప్పు మనుషుల చేతి నుంచి వచ్చేదే ఎక్కువ. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టడం, తునికాకు లేతగా చిగురిస్తుందని పొదలు కాల్చడం, వేటకు జంతువులను తరమడం, ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క, ఇవీ కారణాలు. నల్లమలలోనూ ఇంచుమించు ఇదే కథ. 2014 మార్చిలో శేషాచలం తగలబడినప్పుడు వైమానిక దళ హెలికాప్టర్లు నీళ్లు చల్లాల్సి వచ్చింది. 2021 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా సిమిలిపాల్ అడవి రోజుల తరబడి మండింది. దేశంలోని అటవీ విస్తీర్ణంలో 36 శాతానికి పైగా తరచూ మంటల బారిన పడే అవకాశం ఉందని భారత అటవీ సర్వే సంస్థ 2019లో లెక్కగట్టింది.

ఈ మంటలను అర్థం చేసుకునే శాస్త్రంలో ఓపిక పట్టి చేయాల్సిన పని చాలావరకు విద్యార్థి పరిశోధన సహాయకుల చేతుల మీదుగా సాగుతుంది. వేసవి ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన డిగ్రీ విద్యార్థి కావచ్చు, సిద్ధాంత వ్యాసం రాస్తున్న ఎం.టెక్. విద్యార్థి కావచ్చు, ప్రాజెక్టులో జీతం మీద చేరిన జూనియర్ రీసెర్చ్ ఫెలో కావచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థల నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో ఈ ఫెలోకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, దానిపై ఇంటి అద్దె భత్యం నిర్ణయించారు. ఖరగ్‌పూర్‌లో ఇలాంటి చదువుకు ఆధారాలు దగ్గరలోనే ఉన్నాయి. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీలో సముద్రాలు, నదులు, వాతావరణం, నేల మీద పనిచేసే ప్రత్యేక కేంద్రం ఉంది. పక్కనే మేదినీపూర్‌లో విద్యాసాగర్ విశ్వవిద్యాలయం ఉంది. అడవి కూడా గంట, రెండు గంటల ప్రయాణ దూరమే.

తూకం నుంచి మంట దాకా

సహాయకుడి పని తూకంతో మొదలవుతుంది. అడవిలో ముందే ఎంచుకున్న చోట్ల (ప్లాట్లలో) మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం పెట్టి, అందులో పడ్డ ఆకూ పుల్లా అంతా సంచిలోకి ఎత్తుతారు. పుల్లలను మందం బట్టి వేరుచేస్తారు. 6 మిల్లీమీటర్ల కన్నా సన్ననివి గంటలోనే గాలి తేమకు తగ్గట్టు ఎండుతాయి, చెమ్మగిల్లుతాయి. లావుపాటి కొమ్మలకు రోజులు పడుతుంది. సంచిని అక్కడికక్కడే తూచి, తేమ పోకుండా మూతిబిగించి ప్రయోగశాలకు తెస్తారు. ఓవెన్‌లో బరువు ఇక తగ్గదనేంతవరకు ఆరబెట్టి మళ్లీ తూస్తారు. 100 గ్రాముల ఆకు ఎండి 80 గ్రాములైతే తేమ 20 శాతం అనుకోవడం కొత్తవారు చేసే తప్పు. పోయిన 20 గ్రాములను ఎండు బరువు 80తో భాగించాలి కనుక తేమ 25 శాతం. ఎండుటాకులో తేమ పాతిక, ముప్పై శాతం దాటితే నిప్పు పాకడం కష్టమవుతుంది. అందుకే ఈ అయిదు శాతం తేడా చిన్నది కాదు.

ఈ తూకం ఎందుకో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. మంట తీవ్రతను కొలిచే సూత్రాన్ని అమెరికా శాస్త్రవేత్త జార్జ్ బైరమ్ 1959లో ఇచ్చాడు. కిలో ఇంధనంలోని వేడి, చదరపు మీటరుకు కాలే ఇంధనం, మంట ముందుకు కదిలే వేగం, ఈ మూడింటిని హెచ్చవేస్తే తీవ్రత వస్తుంది. ఉదాహరణకు చదరపు మీటరుకు 400 గ్రాముల ఎండుటాకు ఉందనుకుందాం. అంటే హెక్టారుకు 4 టన్నులు. కిలో ఆకులో సుమారు 18,000 కిలోజౌళ్ల వేడి ఉంటుంది. మంట సెకనుకు 2 సెంటీమీటర్లు కదిలితే, మంట వరుసలో మీటరుకు 144 కిలోవాట్ల తీవ్రత. మంట పొడవు ముప్పావు మీటరు. పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పవచ్చు. గాలి వీచి వేగం మూడింతలైతే తీవ్రత 432కు చేరి, మంట 1.2 మీటర్లు దాటుతుంది. దాదాపు 350 కిలోవాట్లు దాటిన మంటకు ఎదురుగా చేతి పనిముట్లతో నిలబడరాదన్నది అగ్నిమాపకుల నియమం. అదే గాలిలో ఆకు సగమే ఉంటే, వేగం మారకపోయినా తీవ్రత 216కు దిగుతుంది. గాలిని ఆపడం ఎవరి తరమూ కాదు, ఆకును తగ్గించడం మాత్రం మనిషి చేతిలో ఉంది. మంటల నివారణ అంతా ఈ చిన్న హెచ్చవేతలో ఇమిడి ఉంది. మంట వేగాన్ని ముందుగా అంచనా వేయడానికి రిచర్డ్ రాథర్మెల్ 1972లో రూపొందించిన నమూనాను కంప్యూటర్లు నేటికీ వాడుతున్నాయి. దానికీ నేల మీద తూచిన అంకెలే మేత.

ఆకాశం చూసేది, చూడనిది

రెండో పని ఉపగ్రహ చిత్రాలతో. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి మంటల హెచ్చరికలు పంపుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం కూడా ఉపగ్రహ సమాచారంతో మంటల పటాలు ఇస్తుంది. ఉపగ్రహాల మీది మోడిస్ పరికరానికి కనిపించే ఒక చుక్క సుమారు కిలోమీటరు చదరం. విర్స్ పరికరానికి 375 మీటర్లు. పటంలో పడ్డ చుక్క ఆ చదరం నడిమధ్యను చూపుతుందే తప్ప మంట రేగిన చోటును కచ్చితంగా చూపదు. పైగా ఈ ఉపగ్రహాలు ఒక ప్రాంతం మీదుగా వెళ్లే వేళలు నిర్దిష్టం. సాయంత్రం రేగి రాత్రిలోపు ఆరిన చిన్న మంట లెక్కకు రాకపోవచ్చు. ఇటుక బట్టీ, ఇనుప కొలిమి, పొలంలో తగలబెట్టిన గడ్డి దుబ్బులు మాత్రం మంటలుగా నమోదు కావచ్చు. ఏడాది పొడవునా ఒకే చోట వచ్చే చుక్కలను ఏరి పారేయడం సహాయకుడి పని.

కాలిన విస్తీర్ణం కొలవడానికి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉపయోగపడతాయి. పచ్చని ఆకు సమీప పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది; మాడిన నేల హ్రస్వ తరంగ పరారుణాన్ని ఎక్కువగా పంపుతుంది. మంటకు ముందు, తర్వాత చిత్రాల్లో ఈ తేడాను పోల్చి చూస్తే కాలిన మచ్చ బయటపడుతుంది. సాల అడవిలో మాత్రం తొందరపడాలి. కొత్త చిగురు వచ్చిందంటే మాడిన నేల పైనుంచి కనిపించదు. అందుకే సహాయకుడు జీపీఎస్ పట్టుకుని, నిజంగా కాలిన చోట్లను, కాలనివాటిని నడిచి నమోదు చేసి, చిత్రంతో సరిచూస్తాడు. ఈ నడక అటవీ సిబ్బంది తోడు లేకుండా కుదరదు. డాల్మా కొండల నుంచి వచ్చే ఏనుగుల గుంపులు ఈ అడవుల్లో తిరుగుతుంటాయి.

ఊరు చెప్పే సంగతి

మూడో పని ఊళ్లో. ఊరి దగ్గరి ప్లాటులో ఆకు తక్కువగా ఉంటే, మంట తినేసిందో, ఆడవాళ్లు పొయ్యిలోకి ఊడ్చుకెళ్లారో తూకం చెప్పలేదు. అడిగి తెలుసుకోవాలి. బెంగాలీ, సంతాలీ తెలిసిన వాళ్లకు ఇక్కడ పని సులువు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్ కొలువుల కోసం తాతల కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు బెంగాలీ ఎటూ వీధిలోనే వస్తుంది. తగలబెట్టేవారిని పట్టించే విచారణలా ప్రశ్నలు ఉంటే ఎవరూ నోరు విప్పరు. రిజర్వు అడవికి నిప్పు పెట్టడం 1927 అటవీ చట్టం ప్రకారం నేరం కనుక, చెప్పినవారి పేర్లు రాయకపోవడం పరిశోధన మర్యాద.

ఊరిని పక్కనపెట్టి అడవిని కాపాడలేమని మేదినీపూర్ జిల్లాయే ముందుగా నేర్పింది. 1972 ప్రాంతంలో ఆరాబారిలో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ 11 ఊళ్లలోని 618 కుటుంబాలకు 1,272 హెక్టార్ల అడవి కాపలా అప్పగించి, కలప రాబడిలో పాతిక శాతం వాటా మాటిచ్చాడు. నరికేసిన మోళ్ల నుంచి సాల పిలకలు లేచి మళ్లీ అడవయ్యాయి. 1990లో దేశమంతటా వచ్చిన ఉమ్మడి అటవీ యాజమాన్యానికీ, తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన వన సంరక్షణ సమితులకూ ఇది దారిచూపింది.

కొలతలు చివరికి చేరేది ఇలాంటి సమితుల దగ్గరికీ, అటవీ రేంజ్ కార్యాలయానికీ. ఆకు ఎక్కువగా పేరుకున్న చోట్లు, మంటలు మళ్లీ మళ్లీ రేగిన దారులు పటంలో గుర్తిస్తే ఫైర్ లైన్లు (మంట దాటకుండా ఆకు తీసేసిన బాటలు) ఎక్కడ తీయాలో, ఫైర్ వాచర్లను ఏ వారాల్లో ఎక్కడ నిలపాలో తేలుతుంది. ఇప్పచెట్టు కింద నిప్పు పెట్టకుండా వల పరిచి పువ్వు పట్టవచ్చని చెప్పడానికీ చోట్లు దొరుకుతాయి.

అయితే ప్రతి మంటా ఒకేలా హాని చేయదు. సాల మొలక పైభాగం మాడినా వేరు బతికి మళ్లీ చిగురిస్తుంది. ఏటా కాలితే మాత్రం చెట్టు కాలేదు. ఉత్తర బెంగాల్‌లోని తేమ సాల అడవుల్లో నిప్పును పూర్తిగా ఆపినప్పుడు పొదలు కమ్ముకుని సాల మొలకలు తగ్గడం చూసి, గత శతాబ్దంలో అటవీ అధికారులే హద్దుల్లో కాల్చడం తిరిగి మొదలుపెట్టారు. ఎండు సీమ జంగల్ మహల్‌కు ఆ పాఠం అలాగే సరిపోదు. ఎన్నేళ్లకొకసారి కాలితే అడవి తట్టుకుంటుందో తేల్చాలంటే, కాలిన ప్లాటునూ కాలని ప్లాటునూ పక్కపక్కనే పెట్టుకుని ఏళ్ల తరబడి మొలకలు లెక్కించాలి. ఒక విద్యార్థి చదువు ముగిసి వెళ్లినా ప్లాటు ఉంటుంది. గుర్తు రాళ్లు, తేదీలు, తూకాలు, కొలిచిన తీరు తర్వాతి వారికి అర్థమయ్యేలా రాసిపెట్టడం కూడా సహాయకుడి పనిలో భాగమే.