పరుగెత్తే దీపాలు - వాటి వెనుక లెక్కలు



మన పడమటి ప్రాంతంలో దీపాల అలంకరణ చూడని పిల్లవాడు ఉండడు. మార్కాపురం చెన్నకేశవస్వామి రథోత్సవమైనా, త్రిపురాంతకం శివరాత్రి అయినా, వినాయక చవితి పందిరైనా, పల్లెలో క్రిస్మస్ నక్షత్రమైనా రంగు దీపాలు లేనిదే పండుగ అనిపించదు. ఇక కోటప్పకొండ తిరునాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. శివరాత్రికి అక్కడ నిలబెట్టే విద్యుత్ ప్రభలు 90, 100 అడుగుల ఎత్తు వరకు ఉంటాయి. వాటి మీద చక్రాలు తిరుగుతుంటే, పూలు విచ్చుకుంటుంటే జనం మెడలు నొప్పి పుట్టేదాకా చూస్తారు.

అలాంటిది చిన్నదైనా సరే మన హాస్టల్ వార్షికోత్సవానికి పెట్టుకోవాలనీ, ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతికి మన పల్లెలో వెలిగించాలనీ అందరికీ ఉంటుంది. కానీ మీటరు మోసే కరెంటు కొంతే, చందా డబ్బు కూడా కొంతే. మేము మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం. ఫిజిక్సు పుస్తకంలో మార్కుల కోసం చదివిన వాట్లు, ఆంపియర్లు ఈ పనికి ఎలా ఉపయోగపడతాయో మీతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

దీపం నిజంగా పరుగెత్తుతుందా?

ఏ దీపమూ ఉన్నచోటి నుండి కదలదు. ఒకటి ఆరి, వెంటనే పక్కది వెలిగితే మన కన్ను వాటిని రెండు దీపాలుగా చూడదు, ఒకే వెలుగు జరిగిందనుకుంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వర్థైమర్ 1912లో ప్రచురించిన పరిశోధనలో ఈ విషయాన్ని వివరించాడు. సినిమా బొమ్మ కదలడంలోనూ ఉన్నది ఇలాంటి కనికట్టే.

దీపాలను రెండు లైన్లుగా కలిపి మార్చి మార్చి వెలిగిస్తే మినుకు మినుకుమంటాయి గాని, కుడికి పోతున్నాయో ఎడమకు పోతున్నాయో కంటికి తెలియదు. మూడు లైన్లు కావాలి. 1, 4, 7 దీపాలు ఒక లైను; 2, 5, 8 రెండో లైను; 3, 6, 9 మూడో లైను. వీటిని వరుసగా వెలిగిస్తే వెలుగు ఒకే దిక్కుకు పరుగెడుతుంది. ఎలక్ట్రానిక్ కంట్రోలర్లు రాకముందు ఈ పనికి చెక్క రోలరు వాడేవారు. రోలరు మీద లోహపు రేకులు బిగించి చిన్న మోటారుతో తిప్పేవారు. రేకు తగిలితే వెలుగు, చెక్క తగిలితే చీకటి. జగద్ధాత్రి పూజ దీపాలకు పేరుపొందిన పశ్చిమ బెంగాల్‌లోని చందన్‌నగర్ పనివారు ఇలాంటి రోలర్లతోనే బొమ్మలను ఆడించేవారు.

ఇందులో మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. మూడు లైన్లలో ఏ క్షణానైనా వెలిగేది ఒక్కటే. అంటే కరెంటు మూడో వంతే. 15 వాట్ల పాత బల్బులు 90 ఒకేసారి వెలిగితే 1,350 వాట్లు. అవే పరుగెత్తితే 450 వాట్లు. ఆర్పడం వల్లనే అందం, ఆర్పడం వల్లనే పొదుపు!

ముందు మీటరు లెక్క

ఒక హాస్టల్‌కు 3 కిలోవాట్ల లోడు మంజూరైందనుకుందాం. 75 వాట్ల ఫ్యాన్లు 12 ఉంటే 900, 20 వాట్ల ట్యూబులైట్లు 15 ఉంటే 300, ఒక హార్స్‌పవర్ బోరు మోటారుకు సుమారు 1,000. మొత్తం 2,200 వాట్లు. మిగిలింది 800. అంతా వాడేయకూడదు. మోటారు స్టార్టయ్యేటప్పుడు కొన్ని క్షణాలు మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకని 300 వదిలేస్తే దీపాలకు మన హద్దు 500 వాట్లు.

దీపాల కోసం స్టడీ అవర్లో ఫ్యాన్లు ఆపి లోడు సర్దుదాం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మనం హాస్టల్‌కు వచ్చింది చదువుకోవడానికి. పదో తరగతి తమ్ముడు చెమటలు కక్కుతూ చదువుతుంటే గేటు మీద దీపాలు వెలిగి ఏం లాభం?

పలక మీద వెలిగే అక్షరం

ఇప్పుడు పిక్సెల్ ఎల్‌ఈడీలు వచ్చాయి. ఒక్కో గింజ 5 వోల్టులతో పనిచేస్తుంది. మూడు రంగులూ పూర్తిగా వెలిగితే సుమారు 0.3 వాటు తీసుకుంటుంది. ఏ గింజ ఎప్పుడు ఏ రంగులో వెలగాలో కంట్రోలరు చెబుతుంది. ఆ కార్యక్రమాన్ని కంప్యూటర్లో తయారుచేసి ఎస్‌డీ కార్డులో ఎక్కిస్తారు.

మార్కాపురం పలకలకు పేరున్న ఊరు కాబట్టి బొమ్మగా పలకనే తీసుకుందాం. 8 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు ఉన్న చట్రానికి నల్లగుడ్డ బిగించాలి. చుట్టుకొలత 28 అడుగులు. 4 అంగుళాలకు ఒక గింజ చొప్పున అంచుకు 84 గింజలు పడతాయి. మిగిలిన 116 గింజలతో లోపల 'అ', 'ఆ' అమర్చి, చేత్తో దిద్దినట్టు ఒక్కో గింజను వెలిగిస్తూ పోవాలి. పలక నలుపంతా చీకటే, దానికి ఒక్క గింజ కూడా ఖర్చు లేదు. ముందుగా గ్రాఫ్ పేపరు మీద చుక్కలు పెట్టుకుంటే లెక్క తప్పదు.

మొత్తం 200 గింజలు, అంటే 50 గింజల సెట్లు నాలుగు. అన్నీ తెల్లగా వెలిగినా 60 వాట్లే. 5 వోల్టుల దగ్గర అది 12 ఆంపియర్లు కాబట్టి 20 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టె సరిపోతుంది. రోజుకు 5 గంటలు, మూడు రోజులు వెలిగినా గింజలకు ఒక యూనిట్ కూడా కాలదు. 15 వాట్ల బల్బులు వంద అంతసేపు వెలిగితే 22 యూనిట్లు దాటుతాయి.

ఒక జాగ్రత్త. సన్నని వైరులో పోయేకొద్దీ వోల్టేజి పడిపోతుంది. నీలం రంగుకు ఎక్కువ వోల్టేజి కావాలి కాబట్టి ముందు అది తగ్గి, చివరి గింజల తెలుపు ఎర్రబారుతుంది. గింజలు పాడయ్యాయని పారేయవద్దు. ప్రతి 50 గింజలకు ఒకసారి ఎస్‌ఎంపీఎస్ నుండి వేరే వైర్లతో కరెంటు అందిస్తే తెలుపు తెలుపుగానే ఉంటుంది.

డబ్బు ఎలా పంచాలి?

వంద రూపాయలు చేతిలో ఉంటే 25 మంచి వైరుకు, రక్షణ సామానుకు ముందుగా తీసిపెట్టాలి. ఎస్‌ఎంపీఎస్, కంట్రోలరులకు 25, గింజలకు 35, చట్రానికి 15. డబ్బు తక్కువైతే గింజలు తగ్గించుకుందాం గాని మొదటి 25 ముట్టుకోవద్దు. అద్దెకు తెస్తే ఒక్క పండుగతో సరి. కొనుక్కుంటే అవే నాలుగు సెట్లు ఎస్‌డీ కార్డులో కార్యక్రమం మార్చి పంద్రాగస్టుకు జెండాగా, క్రిస్మస్‌కు నక్షత్రంగా వాడుకోవచ్చు.

ప్రాణం కన్నా ప్రభ గొప్పది కాదు

పాత సీరియల్ సెట్టులో 230 వోల్టులు నేరుగా తిరుగుతాయి. పగిలిన బల్బు దగ్గర చెయ్యి పడితే ప్రమాదం. పిక్సెల్ గింజల దగ్గర ఉండేది 5 వోల్టులే. ప్రమాదమంతా ఎస్‌ఎంపీఎస్‌కు వచ్చే వైరులో ఉంటుంది. అందుకే ఆ పెట్టెను వాన పడని చోట, పిల్లలకు అందని ఎత్తులో బిగించి ఎర్త్ ఇవ్వాలి.

ఫ్యూజు ఉందిగా అని ధీమాగా ఉండకూడదు. ఫ్యూజు పోవడానికి కొన్ని ఆంపియర్లు కావాలి. మనిషి పోవడానికి ఆంపియరులో పదో వంతు చాలు. ఫ్యూజు వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెడితే, ఒంట్లోంచి కరెంటు నేలకు పోతున్నప్పుడు అది రెప్పపాటులో సప్లై ఆపేస్తుంది.

జయంతి రోజున పల్లెలో కొందరు స్తంభం తీగకు కొండీ తగిలిస్తారు. పక్క ఊరి ప్రభకన్నా మనది ఎత్తుగా ఉండాలనే పట్టుదలతో ఇనుప పైపులు పైకి లేపుతారు. పైన తీగ ఉందని అప్పుడు గుర్తురాదు. తమ్ముళ్ళూ, చదువుకున్న మనమే అడ్డుపడాలి. ముందుగా విద్యుత్ కార్యాలయంలో అర్జీ పెట్టి తాత్కాలిక కనెక్షన్ తీసుకోమనాలి. 60 వాట్ల బొమ్మకైతే ఒక ఇంటివారి మీటరు కూడా సరిపోతుందని, వారి అనుమతితో వాడుకోవచ్చని లెక్క వేసి చూపాలి. పెద్దలు మొదట నవ్వినా లెక్క కళ్ళముందు పెడితే వింటారు.

హాస్టల్లో ఈ పని తలపెట్టేవారు వార్డెన్ గారి అనుమతితో, ఎలక్ట్రీషియన్ చేత 230 వోల్టుల పని చేయించి, ఒక రాత్రి ముందే వెలిగించి చూసుకోండి. గ్రాఫ్ గీయడం, గింజలు అమర్చడం, కార్యక్రమం రాయడం మాత్రం మీ చేతులతోనే చేయండి. వచ్చే ఏడాది మన గేటు మీద పలక వెలగాలనీ, దాని లెక్క ప్రతి తమ్ముడికీ నోటికి రావాలనీ కోరుకుంటూ సెలవు.