మన సీటుకి వెల ఎవరు కట్టాలి?

మొన్న మెస్‌లో ఇద్దరు ఫ్రెండ్స్ మధ్య వాదన మొదలైంది. ఒకడిది కన్వీనర్ కోటా, ఇంకొకడిది మేనేజ్‌మెంట్ కోటా.

“ఫీజుల జోలికి గవర్నమెంట్ రాకూడదు మామా. బాగుంటే కాలేజీ నిలబడుతుంది, లేకపోతే మూతపడుతుంది.”

“అలా వదిలేస్తే నేను నీ పక్క బెంచీలో కూర్చునేవాడినేనా?”

సాంబారు చల్లారిపోయింది గానీ వాదన చల్లారలేదు. స్వేచ్ఛా మార్కెట్టా, ప్రభుత్వ నియంత్రణా అన్న పెద్ద చర్చ మనకి ఎక్కడో అమెరికా వ్యవహారంలా అనిపిస్తుంది. నిజానికి మనం కూర్చున్న సీటే ఆ చర్చకి మంచి ఉదాహరణ.

ముందు మొదటివాడి మాట విందాం. ధర అంటే ఒక కబురు అని 1945లో హాయక్ అనే ఆర్థికవేత్త వివరించాడు. మదనపల్లె మార్కెట్లో టమాటా రేటు పెరిగితే ఆ కబురు రైతుకీ, హోటల్ ఓనర్‌కీ కూడా చేరుతుంది. ఎవరూ ఆర్డర్ వేయకుండానే రైతు ఇంకో ఎకరం టమాటా వేస్తాడు, హోటల్లో టమాటా చట్నీ తగ్గిపోతుంది. ఏ ఆఫీసులో కూర్చున్న ఏ అధికారీ ఇంత సమాచారాన్ని ఇంత త్వరగా పోగుచేయలేడు. అందుకే ధర మీద చెయ్యి వేయొద్దంటారు వాళ్ళు. ఇందులో బలం ఉంది, కాదనలేం.

కానీ టమాటాని నొక్కి చూస్తాం. మెత్తగా ఉంటే పక్క బండికి పోతాం. సీటుని అలా నొక్కి చూడగలమా? లోపల ల్యాబ్ ఎలా ఉందో, పాఠం ఎవరు చెప్తారో చేరాకే తెలుస్తుంది. నచ్చకపోతే రెండో ఏడాదిలో మారిపోవడం మాటలు కాదు. అమ్మేవాడికి అంతా తెలిసి, కొనేవాడికి ఏమీ తెలియకపోతే మార్కెట్ దెబ్బతింటుందని 1970లో అకెర్లాఫ్ సెకండ్‌హ్యాండ్ కార్ల ఉదాహరణతో చూపించాడు. 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది. మన సీటు టమాటా లాంటిది కాదు, ఆ కారు లాంటిది.

ఇప్పుడు మన కథకి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే డొనేషన్ల మీద నిషేధ చట్టం వచ్చింది. పదేళ్ళ తర్వాత, 1993లో, ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ఒక పథకం పెట్టింది. ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు. పేమెంట్ వాళ్ళ డబ్బుతో ఫ్రీ వాళ్ళ చదువు నడవాలి. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మంచి కోచింగ్ దొరికిన పట్నం పిల్లలకే మంచి ర్యాంకులు వచ్చి, ఫ్రీ సీట్లలో చాలావరకు వాళ్ళకే పోయాయి. వెనకబడిన పల్లె పిల్లాడు అప్పు చేసి పేమెంట్ సీటు కట్టాడు. అంటే లేనివాడు ఉన్నవాడి ఫీజు కట్టినట్టయింది!

2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది జడ్జీల ధర్మాసనం ఆ పథకాన్ని కొట్టేసింది. కాలేజీ తన ఫీజు తానే పెట్టుకోవచ్చు, అభివృద్ధికి కొంత మిగుల్చుకోవచ్చు, కానీ చదువుతో లాభాల వ్యాపారం చేయకూడదు అంది. మరి ఎంత మిగిలితే అభివృద్ధి, ఎంత దాటితే వ్యాపారం? ఈ గీత గీయడానికే 2003 తీర్పుతో రిటైర్డ్ హైకోర్టు జడ్జి అధ్యక్షతన రాష్ట్రాల్లో కమిటీలు వచ్చాయి. 2005లో ఇనాందార్ కేసు వాటిని నిలబెట్టింది. మన ఫీజు ఈ దారిలోనే తేలుతుంది. కాలేజీ లెక్కల పుస్తకాలు చూసి మూడేళ్ళకోసారి ఖరారు చేస్తారు.

ఇక్కడే తిరకాసు. ఖర్చు చూసి ఫీజు ఇస్తే, ఖర్చు ఎక్కువ చూపించాలన్న ఆశ పుడుతుంది. పుస్తకంలో జీతం ఎంత రాశారో కమిటీకి కనిపిస్తుంది గానీ, క్లాసులో పాఠం ఎలా జరిగిందో కనిపించదు.

తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. మా ఇంట్లో మొదటి ఇంజనీర్‌ని నేనే అవుతున్నానంటే దాని వల్లే, అది మర్చిపోను. కానీ మార్కెట్ కళ్ళతో చూస్తే, దాంతో ప్రభుత్వమే అతిపెద్ద కొనుగోలుదారు అయింది. డబ్బు గ్యారంటీ అనగానే కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి, తర్వాత చాలా మూతపడ్డాయి. సరుకు సరిగా చూడని, డబ్బు ఆలస్యంగా ఇచ్చే కొనుగోలుదారు ఉంటే నష్టం ఎవరికి? నాకు తెలిసిన ఒక సీనియర్ అక్కకి ఉద్యోగం వచ్చింది. బకాయి రాలేదు కాబట్టి ముందు మీరు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్ళండి అన్నారు. వాళ్ళ నాన్న వడ్డీకి తెచ్చి కట్టాడు. రాసుకున్న రూల్ మంచిదే, దెబ్బ మాత్రం ఆయనకి తగిలింది.

కాబట్టి “మార్కెట్ మంచిదా, గవర్నమెంట్ మంచిదా” అన్న ప్రశ్నే మనకి పెద్దగా పనికిరాదు. ఏ రూల్ వచ్చినా మూడు అడగాలి: కొనేవాడికి నిజం తెలుస్తోందా? నచ్చకపోతే బయటికి పోగలడా? తప్పు జరిగితే మూల్యం ఎవరు కడుతున్నారు? నా దృష్టిలో ధర కట్టడం కన్నా ముందు నియంత్రణ చేయాల్సిన పని నిజం బయటపెట్టించడం. పోస్టర్ మీద ఒక్కడి భారీ ప్యాకేజీ కాదు, క్లాసులో సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతం ఎంతో ఆడిట్ చేసి వెబ్‌సైట్లో పెట్టాలి. మానేసిన లెక్చరర్లు ఎందరో, నాలుగేళ్ళలో పాసైనవాళ్ళు ఎందరో కూడా పెట్టాలి. అప్పుడు మార్కెట్‌కీ కళ్ళు వస్తాయి, కమిటీకీ పని సులువవుతుంది.

అది జరిగేలోపు మన చేతిలో ఒకటుంది. వచ్చే వేసవిలో వెబ్ ఆప్షన్లు పెట్టే తమ్ముడో చెల్లో ఫోన్ చేసి “అన్నా, మీ కాలేజీ ఎలా ఉంది?” అని అడుగుతారు. మొహమాటపడకుండా ఉన్నది ఉన్నట్టు చెబుదాం.