ఎక్కిళ్ళు ఎందుకొస్తాయి?

గబగబా అన్నం తిన్నావు. 'ఇక్... ఇక్...' మొదలైంది! "ఎవరో తలచుకుంటున్నారు" అంటుంది అమ్మమ్మ. అసలు సంగతి నీ ఛాతీలో ఉంది.

ఛాతీకీ పొట్టకీ మధ్య బోర్లించిన మూకుడులాంటి పల్చటి కండ ఉంది. పేరు డయాఫ్రమ్. అది కిందికి దిగితే ఊపిరితిత్తుల్లోకి గాలి వస్తుంది. దాన్ని ఆడించే రెండు నరాలు మెడలో పుట్టి, గుండెకు చెరో పక్కనుంచి దిగుతాయి. అంత దూరం నుంచి ఎందుకంటావా? అమ్మ కడుపులో నువ్వు తయారవుతున్నప్పుడు ఆ కండ మెడ దగ్గరే మొదలైంది. కిందికి జారుతూ, గాలిపటం దారాన్ని లాక్కెళ్ళినట్టు నరాలనూ వెంట తెచ్చుకుంది. ఎంత చక్కటి విషయమో!

పొట్ట ఉబ్బి ఆ నరాలు రేగితే, కండ ఒక్కసారిగా కుదుపుతో దిగుతుంది. గాలి లోపలికి దూసుకొస్తుంది. వెంటనే గొంతులోని స్వరతంత్రులు గాలికి తలుపు పడ్డట్టు మూసుకుంటాయి. ఆ చప్పుడే ఎక్కిలి. 48 గంటలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.