మహానగర రవాణా: లంకె కుదిరితేనే ప్రయాణం

నగరం పెరగడానికి ప్రణాళిక అవసరం లేదు. అది తనంతట తానే పెరుగుతుంది. పెరిగిన నగరంలో మనిషి ఇంటి నుండి బయలుదేరి, వేళకు పని చేరి, చీకటి పడేలోగా క్షేమంగా తిరిగి రావడానికి మాత్రం ప్రణాళిక కావాలి. ఈ సత్యానికి హైదరాబాద్ మంచి ఉదాహరణ.

కర్మాగారాల వెంట నగరం

1960వ దశకంలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్., 1967లో ఇ.సి.ఐ.ఎల్. వంటి ప్రభుత్వ రంగ సంస్థలు హైదరాబాద్ వెలుపల వెలిశాయి. అప్పుడవి ఊరికి దూరం. అందుచేత అటువంటి కర్మాగారాలు క్వార్టర్లు కట్టి, కార్మికుల కోసం షిఫ్టు బస్సులు నడిపాయి. షిఫ్టు బస్సు గొప్పతనం వేగంలో లేదు, నమ్మకంలో ఉన్నది. ఏ మలుపు దగ్గర ఎందరు ఎక్కుతారో, ఏ వేళకు గేటు చేరాలో ముందే తెలిసి నడిచిన బస్సు అది. దానిని బట్టి ఇంట్లో పొయ్యి వెలిగేది, పిల్లలు బడికి బయలుదేరేవారు.

నేడు ఆ కర్మాగారాలను నగరం చుట్టుముట్టింది. మన పిల్లల ఉద్యోగాలు మాదాపూర్, గచ్చిబౌలి వైపు సాగాయి. పదవీ విరమణ చేసినవారు శివారు కాలనీలలో స్థిరపడ్డారు. వారెవరికీ షిఫ్టు బస్సు లేదు. సొంత వాహనం నడపలేనివారికి, కొనలేనివారికి ప్రజా రవాణాయే దిక్కు.

ఉన్నవి తక్కువేమీ కావు

1932లో నిజాం రాష్ట్రంలో 27 బస్సులతో ప్రభుత్వ బస్సు రవాణా ఆరంభమైనది. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చాయి. 2017 నవంబరులో మియాపూర్, నాగోల్ మధ్య మెట్రో మొదలైనది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుండి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకు మెట్రో మార్గం తెరిచారు. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి ఉన్నది. 2008లో మహానగరాభివృద్ధి సంస్థ ఏర్పడినప్పుడు దాని పరిధి 7,000 చదరపు కిలోమీటర్లకు పైబడినది.

సాధనాలు ఇన్ని ఉండగా ప్రయాణికునికి ఇంత యాతన దేనికి? ఒక్కొక్కటి ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్క యాజమాన్యం కింద పుట్టడమే ప్రధాన కారణం. ఎం.ఎం.టి.ఎస్.నే తీసుకొనండి. దూరప్రాంతపు రైళ్లు, గూడ్సు బండ్లు నడిచే పట్టాల మీదనే అదీ నడవాలి. వాటికి దారి ఇచ్చిన తరువాతనే తనకు దారి. కనుక తరచుగా, కచ్చితంగా నడపడం కష్టం.

లెక్క చెప్పే సంగతి

ఇంటి నుండి ఆఫీసుకు ఒక బస్సు, ఒక రైలు, మళ్లీ ఒక బస్సు ఎక్కాలనుకొందాం. ఒక్కొక్కటి నూటికి తొంభై సార్లు వేళకు వస్తుందనుకొందాం. విడివిడిగా చూస్తే మూడూ మెచ్చదగినవే. మూడూ కలిసి వేళకు అందే అవకాశమో? 0.9ను మూడుసార్లు హెచ్చిస్తే నూటికి 73 మాత్రమే. అంటే నాలుగు రోజులకొకసారి ఆలస్యం తప్పదు. అటువంటి ఉద్యోగి అప్పు చేసి అయినా స్కూటరు కొంటాడు. అతనిని తప్పు పట్టలేము.

మరొక లెక్క. 60 మంది కార్లలో ఇద్దరేసి చొప్పున వెళితే 30 కార్లు కావాలి. సిగ్నలు వద్ద ఖాళీతో కలిపి కారుకు 7 మీటర్లు వేసుకొన్నా, ఆ వరుస 210 మీటర్లు. అదే 60 మందిని మోసే బస్సుకు 15 మీటర్లు చాలు. రహదారిని ఎంత వెడల్పు చేసినా ఈ నిష్పత్తి మారదు.

చేయవలసినది

మెట్రోను ప్రతి వీధికీ తీసుకొని పోలేము, అంత అవసరమూ లేదు. ముందుగా ఉన్నవాటిని కలపాలి. బేగంపేట, ఖైరతాబాద్, మలక్‌పేట వంటి చోట్ల ఎం.ఎం.టి.ఎస్., మెట్రో స్టేషన్ల మధ్య దూరం స్వల్పమే. ఆ స్వల్ప దూరాన్ని మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ, చంకలో బిడ్డ ఉన్న తల్లి నడవగలిగేటట్లు చేయాలి. చదునైన కాలిబాట, వానకు పైకప్పు, రాత్రివేళ దీపం ఉండాలి. రైలు వచ్చే వేళకు కాలనీ బస్సు సిద్ధంగా ఉండాలి. ఒకే టికెట్టుతో మూడింటా ప్రయాణం సాగాలి. పది లక్షలు దాటిన నగరాలకు ఏకీకృత రవాణా ప్రాధికార సంస్థలు ఉండాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం సూచించినది ఇందుకే.

బస్సుల సంఖ్య కూడా పెరగాలి. 2023 డిసెంబరు నుండి తెలంగాణలో మహిళలకు నిర్దేశిత ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం లభించినది. అయితే టికెట్టు లేకపోయినా, బస్సు రాకపోతే ప్రయాణం లేదు.

ఇక రేపటి మార్గాలకు నేడే స్థలం కేటాయించాలి. కలకత్తా మెట్రోకు 1972లో శంకుస్థాపన జరిగినది. 1984లో మొదటి రైలు నడిచినది. డమ్‌డమ్ నుండి టాలీగంజ్ వరకు మార్గం పూర్తి కావడానికి 1995 వచ్చినది. ఇళ్లు, దుకాణాలు నిండిన తరువాత దారి వెతకడం ఎంత కష్టమో ఆ 23 ఏళ్లు చెబుతాయి. బాహ్య వలయ రహదారి వెంట లేఅవుట్లు నిండకముందే బస్సు డిపోలకు, రైలు మార్గాలకు భూమి వదలకపోతే మన మనుమలు అదే కష్టం పడతారు.

మన వంతు

ఇది ప్రభుత్వాల పని మాత్రమే అనుకోరాదు. పదవీ విరమణ సొమ్ముతో స్థలం కొనేటప్పుడు గజం ధరతో పాటు, బస్సు స్టాపు ఎంత దూరమో, రాత్రి ఆఖరి బస్సు ఎన్ని గంటలకో విచారించండి. కాలనీ సంక్షేమ సంఘాలు ఫ్లై ఓవరు కోరే ముందు కాలిబాటను, కచ్చితమైన బస్సు వేళలను కోరాలి. షిఫ్టు బస్సు మనకిచ్చిన నమ్మకం కర్మాగారం గేటు దగ్గరనే ఆగిపోరాదు. ఆ భరోసా నగరంలోని ప్రతి సామాన్యునికీ అందిన రోజుననే మహానగరం అనే పేరు సార్థకమవుతుంది.