మతం మారడం వేరు, మనుషులు వలస రావడం వేరు: ఎల్గందల్ నుంచి ఆదిలాబాద్ దాకా

"మీవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు?" కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల ముస్లిం ఇళ్ల పిల్లలు బడిలోనో, బజారులోనో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వింటారు. దీనికి రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. అందరూ అరబ్బు దేశాల నుంచి, ఇరాన్ నుంచి వచ్చారనేది ఒకటి. కత్తికి భయపడి మతం మారారనేది రెండోది. రెండూ చరిత్రకు సరిపోవు. జనం ఒకచోటి నుంచి మరోచోటికి రావడం ఒక సంగతి, ఉన్నచోటనే నమ్మకం మారడం ఇంకో సంగతి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే గందరగోళమంతా.

మతం మారడం ఈ నేలకు ఇస్లాంతో మొదలైంది కాదు. ఇప్పటి పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్టలో శాతవాహనుల కాలపు బౌద్ధ స్తూపం తవ్వకాల్లో బయటపడింది. ఆ తర్వాత వేములవాడ చాళుక్యుల రోజుల్లో ఇది జైనులకు పెద్ద కేంద్రం. గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు దాదాపు 945 ప్రాంతంలో వేయించిన శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ అందులో కనిపిస్తాయి. తెలుగు కంద పద్యాలు దొరికిన తొలి చోట్లలో ఇదొకటి. ఈ జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపకు తమ్ముడు. వీళ్ల పూర్వీకులు కమ్మనాడులోని వంగిపర్రుకు చెందిన బ్రాహ్మణులు, తండ్రి జైనం తీసుకున్నాడు. అంటే వలస, మతమార్పు రెండూ ఒక్క ఇంట్లోనే జరిగాయి. రెండూ రాతి మీద చెక్కి ఉన్నాయి, ఎవరూ సిగ్గుపడలేదు. తర్వాత కాకతీయుల కాలానికి గాలి శైవం వైపు తిరిగింది. జినాలయాలు వెలిగిన వేములవాడే రాజన్న క్షేత్రమైంది. ఆ మార్పు అంతా శాంతంగా జరిగిందనీ చెప్పలేం, శైవ జైన గొడవల కథలు పాత శైవ సాహిత్యంలోనే ఉన్నాయి.

1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకుంది. 1347లో బహమనీలు, తర్వాత కుతుబ్‌షాహీలు, 1687లో మొగలులు, 1724 నుంచి ఆసఫ్‌జాహీలు. ఆరు వందల ఏళ్లలో ఎక్కువ కాలం ఇక్కడ ముస్లిం పాలకులే. మరి జనాభా ఎంత మారింది? హైదరాబాద్ రాజ్యంలో తొలి జనగణన 1881లో జరిగింది. అప్పటికి రాజ్యం మొత్తంలో ముస్లింలు సుమారు పదో వంతు. 2011 లెక్కల్లో పాత కరీంనగర్ జిల్లాలో దాదాపు 6 శాతం, పాత ఆదిలాబాద్‌లో దాదాపు 10 శాతం. పాలకుల మతమే ప్రజల మతం అవుతుందన్న లెక్క నిజమైతే ఈ అంకెలు ఇలా ఉండేవి కావు.

కారణం ఊళ్ల కట్టుబాటులో ఉంది. బెంగాల్ మీద రాసిన చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ ఒక సంగతి గమనించాడు. అడవి కొట్టి కొత్తగా వ్యవసాయం మొదలుపెట్టిన తూర్పు బెంగాల్ లాంటి చోట ఇస్లాం రైతుల మతమైంది. గుడి, కులం ముందే పాతుకుపోయిన చోట అలా జరగలేదు. తెలంగాణ ఈ రెండో రకం. ఇక్కడ చెరువు, గుడి, కులవృత్తి కాకతీయుల నాటికే స్థిరపడ్డాయి. కచేరీలో ఫార్సీ నడిచినా ఊళ్లో దేశ్‌ముఖులు, కరణాలు పాతవాళ్లే.

పొరుగున గోండు రాజ్యంలో జరిగింది ఇంకా స్పష్టం. దేవ్‌గఢ్ గోండు రాజు బఖ్త్ బులంద్ షా ఔరంగజేబు దర్బారులో ఇస్లాం స్వీకరించాడు. నాగపూర్ పట్టణానికి పునాది వేసింది ఆయనే. రాజవంశం ముస్లిం వంశంగా కొనసాగింది, ప్రజలు మాత్రం తమ గోండు దేవుళ్లనే కొలిచారు. రాజు మారితే రాజ్యం మారుతుందనుకునేవాళ్లు ఈ సంగతి ఎందుకో ఎత్తరు.

ముస్లిం జనాభా ఎక్కువగా పెరిగింది కోటలు, కసబాల చుట్టూ. ఎల్గందల్, జగిత్యాల, నిర్మల్ అలాంటివే. సిపాయిలు, కచేరీ ఉద్యోగులు, వర్తకులు అక్కడ చేరారు. వీరిలో బయటి నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు, ఇక్కడివాళ్లూ ఉన్నారు. ఎల్గందల్‌లో 1754లో జఫరుద్దౌలా కట్టించిన దో మినార్ ఒకప్పటి వైభవానికి గుర్తు. ఒక మినారును ఊపితే కదులుతుందని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారింది, ఎల్గందల్ చిన్న ఊరుగా మిగిలింది. సయ్యద్ కరీముద్దీన్ అనే కిలాదారు పేరుతో కరీంనగర్ వెలిసిందంటారు. హుజూరాబాద్, సుల్తానాబాద్, ఆసిఫాబాద్ లాంటి పేర్లు చూసి మొత్తం జనమే మారిందనుకోవద్దు. పేరు మార్చడానికి ఒక ఫర్మానా చాలు.

పల్లెల కథ వేరే. పత్తి ఏకే దూదేకుల కుటుంబాలు ఊరికి ఒకటీ రెండిళ్లుగా ఉండేవి. ఇంట్లో తెలుగే. పేర్లు, పెళ్లి ఆచారాలు ఊరివే. "ఉర్దూ రాదా, మీరెలాంటి ముస్లింలు?" అని అడిగించుకునేది ఎక్కువగా వీళ్లే, అది కూడా సొంతవాళ్ల నోటి నుంచి. నిజానికి ఇక్కడి జనంలో ఇస్లాం మెల్లగా ఎలా కలిసిందో చెప్పే సాక్ష్యం ఈ ఇళ్లే. ఇంకోవైపు, మతం మారని ఇళ్లవాళ్లూ మొహర్రంలో పీర్లను ఎత్తుకుంటారు, ఆషుర్‌ఖానా ముందు గుండం చుట్టూ ఆడతారు. వీటిని ఏ జనగణన కాలంలో వేస్తారు?

షామ్ ప్రాంతంతో, అంటే సిరియా, పాలస్తీనాలతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ ముస్లిం పాలన 630లలోనే వచ్చింది. అయినా డెమాస్కస్ లెక్కల పుస్తకాలు 700 ప్రాంతం దాకా గ్రీకులోనే నడిచాయి. 1099లో సలీబీ సైన్యాలు జెరూసలేం చేరేనాటికి కూడా చుట్టూ క్రైస్తవుల పల్లెలు చాలానే ఉన్నాయి. ముస్లింలు పెద్ద మెజారిటీ కావడానికి శతాబ్దాలు పట్టింది. అక్కడా జనం తుడిచిపెట్టుకుపోలేదు, చాలావరకు అదే జనం భాషా మతం మార్చుకున్నారు.

ఆదిలాబాద్‌లో జనాభా వేగంగా తారుమారైంది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో. అడవులను రిజర్వు చేశారు, మైదానాల రైతులు వచ్చి భూములు పట్టాలు చేయించుకున్నారు. గోండులు తమ ఊళ్లలోనే మైనారిటీ అయ్యారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణం పోయింది ఈ భూమి కోసమే. అందులో ఎవరి మతమూ మారలేదు.

సొంత ఇంటి సంగతి తెలుసుకోవాలనుకునే కుటుంబాలకు దారి ఉంది. పాత సేత్వార్, ఇనాం భూముల ముంతఖబ్, దర్గా, మసీదుల వక్ఫ్ కాగితాలు వెతకాలి. వాటి మీద ఫస్లీ సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం సుమారుగా వస్తుంది. చాలా కాగితాలు ఉర్దూలో, ఇంకా పాతవి ఫార్సీలో ఉంటాయి. చదవగల పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే కూర్చోబెట్టి చదివించుకోవాలి.