ఏ పత్రిక గొప్పది?

కబడ్డీ జట్టు 30 పాయింట్లు తెచ్చుకుంది. ఫుట్‌బాల్ జట్టు 2 గోల్స్ చేసింది. ఏ జట్టు గొప్పదని అడిగితే మీరు నవ్వుతారు. ఏ ఆట లెక్క ఆ ఆటదే కదా! కాని శాస్త్ర పత్రికల విషయంలో పెద్దవాళ్ళే ఇలాంటి పోలికలు చేస్తుంటారు.

శాస్త్రజ్ఞులు తాము కనుక్కున్న విషయాలను పరిశోధన పత్రికల్లో ప్రకటిస్తారు. 1869లో లండన్‌లో మొదలైన 'నేచర్' వాటిలో ఎంతో పేరున్నది. డి.ఎన్.ఎ. నిర్మాణాన్ని వాట్సన్, క్రిక్‌లు 1953లో ప్రకటించింది అందులోనే.

మరి పత్రిక గొప్పతనాన్ని కొలవడం ఎలా? 1955లో యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్ ఒక ఉపాయం సూచించాడు. 'ఇంపాక్ట్ ఫాక్టర్' అనే కొలత దానినుంచే వచ్చింది. ఒక పత్రిక 2022, 2023లలో కలిపి 100 వ్యాసాలు వేసిందనుకుందాం. 2024లో ఇతరులు తమ వ్యాసాల్లో వాటిని 500 సార్లు పేర్కొన్నారు. 500ను 100తో భాగిస్తే 5. అదే ఆ పత్రిక అంకె.

చిక్కంతా ఇక్కడే ఉంది. వైద్య పరిశోధకుల సంఖ్య చాలా ఎక్కువ. కొత్త ఫలితాన్ని వారు వెంటనే అందుకుంటారు. ఒక్కో వ్యాసంలో పదుల కొద్దీ పాత వ్యాసాలను పేర్కొంటారు. అందుకే వారి అగ్ర పత్రికల అంకె 50 దాటుతుంది. గణితజ్ఞులు తక్కువమంది. ఒక రుజువును అర్థం చేసుకోవడానికే ఏళ్ళు పట్టవచ్చు. ఈలోగా రెండేళ్ళ గడువు కాస్తా దాటిపోతుంది! గణితంలో శిఖరం వంటి 'ఆనల్స్ ఆఫ్ మాథమాటిక్స్' అంకె 10 కూడా ఉండదు. కాని 350 ఏళ్ళకు పైగా తేలని ఫెర్మా సమస్యకు ఆండ్రూ వైల్స్ రాసిన రుజువు 1995లో అచ్చయింది అందులోనే.

కంప్యూటర్ శాస్త్రం తీరు వేరు. అక్కడ చాలా శాఖల్లో పత్రికలో అచ్చు కావడం కన్నా పేరున్న సదస్సుకు వ్యాసం ఎంపిక కావడమే గొప్ప.

ఉద్యోగాలు, పరిశోధన నిధులు ఈ అంకెను చూసి ఇస్తే ఏమవుతుంది? మంచి గణితజ్ఞుడు వెనకబడిపోతాడు. అందుకే, పత్రిక అంకెతో వ్యక్తి పనిని కొలవరాదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన కొందరు పత్రికా సంపాదకులు ఒక ప్రకటన రూపొందించారు.

భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో ప్రకటించారు. నేటి లెక్కల్లో ఆ పత్రిక అంకె 'నేచర్' కన్నా ఎంతో తక్కువ. అయినా ఆ పద్ధతి దశాబ్దాల తరబడి దేశదేశాల ప్రయోగశాలల్లో వాడుకలో ఉంది. ఆ వ్యాసం విలువ ఏ అంకె చెప్పగలదు?