వజ్రంలో వెలుతురు ఎలక్ట్రాన్‌ను ఎలా ఊడగొడుతుంది?

కెనడా ఉత్తరాన, మంచు నేల మీద, 1998లో ఆ దేశపు తొలి వజ్రాల గని ఏకాటి మొదలైంది. అలాంటి గనుల రాయి ఎంత మెరిసినా, లోపల కంటికి కనిపించని లోపాలుంటాయి. శాస్త్రవేత్తలకు అవే ముద్దు!

వజ్రమంటే బారులు తీరిన కార్బన్ పరమాణువులు. ఒకచోట కార్బన్‌కు బదులు నైట్రోజన్ చేరి, పక్క స్థానం ఖాళీగా ఉంటే ఆ జంటను ఎన్‌వీ కేంద్రం అంటారు. అది తరచూ ఒక ఎలక్ట్రాన్‌ను అదనంగా పట్టుకుని రుణావేశంతో ఉంటుంది.

ఆ ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి సుమారు 2.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌లో ఒక్కో ఫోటాన్ తెచ్చేది 2.33 మాత్రమే. చాలదు. మరెలా?

అందని అటక ఎక్కాలంటే ముందు పీట ఎక్కుతాం కదా! మొదటి ఫోటాన్ ఎలక్ట్రాన్‌ను ఒక మెట్టు ఎక్కిస్తుంది. అక్కడ అది నిలిచేది సగటున 12 నానోసెకన్లే. ఆలోపు రెండో ఫోటాన్ తగిలితే ఎలక్ట్రాన్ కేంద్రాన్ని వదిలేసి స్ఫటికమంతా తిరుగుతుంది. ఇదే అయనీకరణం.

వర్ణపటంలో ఆ మార్పు తెలిసిపోతుంది: 637 నానోమీటర్ల దగ్గరి గీత పోయి 575 దగ్గర వస్తుంది. విచిత్రమేమంటే, పోయిన ఎలక్ట్రాన్ లోటును మళ్ళీ తీర్చేదీ ఆ ఆకుపచ్చ వెలుగే.

ఇలాంటి కేంద్రాలపై పరిశోధనలో భాగంగా కెనడాలోనే కాల్గరీ విశ్వవిద్యాలయంలో వజ్రాన్ని కొన్ని మైక్రోమీటర్ల చక్రాలుగా చెక్కి, వాటిలో కాంతిని తిప్పుతున్నారు. ఇలాంటి పరిశోధనలకు ఎక్కువగా వాడేది గని రాయి కాదు, ప్రయోగశాలలో పెంచిన వజ్రం.